కొండకు వెళ్దాం, కాని ఎవరి అడుగుతో?



చలికాలం మొదలవగానే మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఇళ్లలో ఒక మాట వినబడుతుంది. "ఈసారైనా మనిద్దరం ఎక్కడికైనా వెళ్లొద్దామా?" అడిగేది భార్య కావచ్చు, భర్త కావచ్చు. ఆ తరువాత జరిగేది మాత్రం చాలా ఇళ్లలో ఒక్కటే. ఇద్దరిలో ఉత్సాహం ఎక్కువ ఉన్నవారు చోటు నిర్ణయిస్తారు, రెండవవారు తల ఊపుతారు. వెళ్తారు, ఫోటోలు దిగుతారు, తిరిగి వస్తారు. కాని ఒకరు అలసటతో, ఇంకొకరు అలకతో వస్తారు. ఇంత ఖర్చు పెట్టి మనసులు దగ్గర కాకపోగా మరికొంత దూరం ఎందుకు జరిగాయో ఇద్దరికీ అర్థం కాదు.

తప్పు కొండది కాదు, హోటలుది కాదు. చోటును ఎవరి కొలతతో ఎంచుకున్నామన్నదే అసలు ప్రశ్న. ఇద్దరిలో ఎవరికి భయం ఎక్కువో, ఎవరి అడుగు వెనకబడుతుందో, వారి కొలతతోనే చోటునూ బసనూ ఎంచుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇంతే. దానిని మనకు తెలిసిన దారుల్లో, మనకు అందే ఖర్చులో ఎలా ఆచరించాలో చూద్దాం.

ధైర్యం వేరు, నమ్మకం వేరు

మన జిల్లాల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పని కోసం వలస వెళ్లని ఊరు అరుదు. చెన్నైలో, హైదరాబాదులో, గల్ఫు దేశాల్లో, గుజరాత్ రేవుల్లో నెలల తరబడి ఉండి ఇంటికి వచ్చే భర్తలు ఎంతోమంది. ఆ నెలల్లో భార్య బ్యాంకు పనులు చూసింది, పిల్లల ఫీజులు కట్టింది, అత్తమామలను ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆయన వచ్చిన నాటి నుండి మళ్లీ ప్రతిదీ ఆయన్ని అడిగి చేయాలి. ఆయనకేమో తన ఇంట్లోనే చుట్టంలా అనిపిస్తుంది. పెళ్లయి పదేళ్లయినా ఇద్దరూ కలిసి గడిపిన రోజులు లెక్కపెడితే రెండు మూడేళ్లకు మించవు. ఇలాంటి దంపతులకు నాలుగు రోజుల విహారం విలాసం కాదు, అవసరం.

అయితే విహారం నుండి కోరుకోవలసినవి రెండు. ఒకటి ధైర్యం, అంటే 'నేను చేయగలను' అనుకోవడం. రెండవది నమ్మకం, అంటే 'నేను చేయలేకపోతే నా పక్కనున్నవారు నన్ను నవ్వులపాలు చేయరు' అనుకోవడం. మొదట కావలసింది ఈ రెండవదే. నమ్మకం ఉన్నచోట ధైర్యం దానంతట అదే వస్తుంది. నమ్మకం లేకుండా బలవంతాన తెచ్చిన ధైర్యం కొండ దిగేలోపే పోతుంది.

భయపడేది ఎప్పుడూ భార్యే అనుకోవద్దు. ఎత్తు ప్రదేశమంటే కళ్లు తిరిగే భర్తలు, గుహలో ఊపిరాడనట్టు అనిపించే భర్తలు, ముక్కూమొహం తెలియనివారితో మాట్లాడటానికి జంకే భర్తలు ఉన్నారు. మగవాడు గనుక పైకి చెప్పడు, కోపంగా మార్చి చూపిస్తాడు. "ఆ గుహలో ఏముంది చూడ్డానికి?" అని విసుక్కునే మాట వెనుక భయం ఉందేమోనని భార్య కూడా ఆలోచించాలి.

మంచు బడిలో మొదటి పాఠం

మంచుకొండల మీద కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకొని జారే ఆటను స్కీయింగ్ అంటారు. మనం దానిని సినిమా పాటల్లో చూసి ఉంటాం. ఆ ఆట నేర్పే బడిలో మొదటి పాఠం ఏమిటో తెలుసా? వేగంగా జారడం కాదు, ఆగడం. పలకల ముందు కొసలను దగ్గరకు, వెనుక కొసలను దూరంగా పెట్టి వేగం తగ్గించుకొని ఆగడం నేర్పుతారు. పడిపోతే ఎలా లేవాలో నేర్పుతారు. ఆ తరువాతే కొంచెం ఎత్తుకు తీసుకెళ్తారు. కొత్తవారి కోసం పెద్దగా వాలు లేని మైదానం వేరుగా ఉంటుంది. ఐరోపాలో చాలాచోట్ల వాలులకు రంగుల గుర్తులు పెడతారు. నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. నలుపు వాలు మీద మొదలుపెట్టినవాడు వీరుడు అనిపించుకోడు, గాయపడతాడు.

ఆ ఆటలో అనుభవం ఉన్నవారు మరో మాట చెబుతారు. భర్త భార్యకు గాని, భార్య భర్తకు గాని తానే గురువై నేర్పబోతే తగువు ఖాయమట. జీతం తీసుకొని నేర్పే గురువు దగ్గర ఇద్దరూ శిష్యులుగా నిలబడితే తగువు ఉండదు. మన ఊళ్లలో భార్యకు స్కూటరు నేర్పబోయిన భర్తలకు ఈ సంగతి వేరే చెప్పాలా?

ఈ రెండు పాఠాలూ మన విహారానికి చాలు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగగలిగే చోటును ఎంచుకోవాలి. ఒకరు గురువు, ఇంకొకరు శిష్యుడు కాకుండా ఇద్దరూ కొత్తవారుగా నిలిచే పనిని ఎంచుకోవాలి.

చోటును ఎంచుకోవడం

మనకు దగ్గరలో ఉన్న చోట్లనే తేలిక, మధ్యరకం, కష్టం అని మూడు వరుసలుగా చూద్దాం.

తేలిక వరుసలో సముద్రపు ఒడ్డు ఊళ్లు వస్తాయి. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం, కొబ్బరితోటల బారువ, డచ్చివారి పాత సమాధులు, దీపస్తంభం ఉన్న భీమునిపట్నం ఇలాంటివే. ఘాట్ రోడ్డు లేదు, మెట్లు లేవు. ఆసుపత్రి మరీ దూరం కాదు. ఉదయం వెళ్లి సాయంత్రం రావచ్చు, ఒక రాత్రి ఉండవచ్చు. ఇసుకలో నడవడం వేరు, నీళ్లలో దిగడం వేరు అన్నది మాత్రం మరువకండి. మన తీరంలో అలల లాగుడు ఎక్కువ. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో గోస్తనీ నది మీద ఉన్న తాటిపూడి జలాశయం కూడా ఈ వరుసలోనిదే. మొదటిసారి ఇద్దరే బయలుదేరేవారికి, మోకాళ్ల నొప్పులవారికి, గుండె జబ్బు ఉన్నవారికి ఇవి మంచివి. ఉద్దానం వైపు డయాలసిస్ మీద ఉన్న భర్తనో భార్యనో చూసుకుంటున్న కుటుంబాలున్నాయి. రెండు డయాలసిస్‌ల మధ్య వచ్చే రోజున, డాక్టరుగారిని అడిగి, బారువ ఒడ్డున ఒక సాయంత్రం కూర్చొని రావడం కూడా విహారమే. దానిని తక్కువగా చూడవద్దు.

మధ్యరకం వరుసలో అరకు లోయ, అనంతగిరి వస్తాయి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగిన నాటి నుండి పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. అక్కడ రైలు ఉంది, రోడ్డు ఉంది, అన్ని ధరల గదులు ఉన్నాయి, అలసిపోతే వెనుదిరగడానికి వీలుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వారికి బరంపురం మీదుగా ఒడిశాలోని దారింగిబాడి అందుబాటులో ఉంటుంది. అదీ దాదాపు అంతే ఎత్తు. పైన్ చెట్లు, కాఫీ తోటలు ఉన్న చల్లని చోటు.

కష్టం వరుసలో లంబసింగి, వంజంగి వస్తాయి. చింతపల్లి దగ్గరి లంబసింగిలో చలి కొన్ని ఉదయాల్లో సున్నా దగ్గరకు వెళ్తుంది. పాడేరు దగ్గరి వంజంగిలో మేఘాల మీద సూర్యోదయం చూడాలంటే చీకటిలోనే లేచి కొండ ఎక్కాలి. చూడదగిన చోట్లే, కాదనను. కాని చీకటి, చలి, ఎక్కుడు, జనం నాలుగూ ఒకేసారి ఎదురయ్యే చోటు మొదటి విహారానికి తగదు. స్నేహితులతో మోటారు సైకిలు మీద వెళ్లి వచ్చిన భర్తకు అది ఆటలా ఉండవచ్చు. వెనుక కూర్చొని వణుకుతూ వచ్చే భార్యకు అది శిక్ష. రెండవ విహారానికో మూడవదానికో ఉంచుకోండి.

ఎంపికకు ఒక సులువైన పద్ధతి ఉంది. ఇద్దరూ వేరు వేరు కాగితాల మీద మూడేసి మాటలు రాయండి. 'నాకు ఇష్టమైనది', 'నాకు భయమైనది', 'నేను ఇంతవరకు చెప్పనిది'. తరువాత కాగితాలు మార్చుకొని చదవండి. చదివినప్పుడు నవ్వకూడదు, వాదించకూడదు. మూడవ మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. "నాకు ఘాట్ రోడ్డులో వాంతులవుతాయి" అన్న చిన్న మాట కూడా పెళ్లయిన ఆరేళ్లకు తెలిసే ఇళ్లున్నాయి.

ప్రయాణంలోనే సగం విహారం

అరకుకు రెండు దారులు. రోడ్డు మీద వెళ్లేవారు విజయనగరం నుండి శృంగవరపుకోట చేరి, అక్కడి నుండి ఘాట్ ఎక్కి టైడా, అనంతగిరి, సుంకరిమెట్ట మీదుగా అరకు చేరతారు. వాంతులయ్యేవారు బండిలో ముందు సీటులో కూర్చోవాలి, ఇడ్లీ వంటి తేలిక ఆహారం తినాలి, ఫోను చూడకూడదు. పొగమంచు, చీకటి ఉన్న వేళ ఘాట్ ఎక్కవద్దు, దిగవద్దు. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దిగే డ్రైవరు మంచి డ్రైవరు. "నెమ్మదిగా పోనీయండి" అని ఒకరు అన్నప్పుడు రెండవవారు డ్రైవరు ముందు వారిని తేలిక చేయకూడదు. నమ్మకం నిలిచేదీ పోయేదీ ఇలాంటి చిన్నచోట్లనే.

రైలు దారి భయస్థులకు మరీ మంచిది. కొత్తవలస – కిరండూల్ మార్గాన్ని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో నిర్మించారు. ఈ మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి. బొర్రా గుహలకు, అరకుకు నడుమనున్న సిమిలిగూడ స్టేషను దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను ఈ మార్గంలో 2017 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టారు. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ బండి కొత్తవలసలో, శృంగవరపుకోటలో ఆగుతుంది గనుక విజయనగరం వైపు వారు విశాఖ దాకా పోనక్కరలేదు. శ్రీకాకుళం, పలాస వైపు వారు ముందురాత్రే వచ్చి విజయనగరంలోనో కొత్తవలసలోనో బంధువుల ఇంట ఉంటే తెల్లవారుజామున ఉరుకులు పరుగులు ఉండవు. వేళలు మారుతుంటాయి గనుక టిక్కెట్టు తీసుకునేటప్పుడు మళ్లీ చూసుకోండి.

సొరంగంలో చీకటి పడినప్పుడు పెట్టెలో కుర్రవాళ్లు కేకలు వేస్తారు. చీకటంటే భయపడేవారి చేయి పట్టుకోవడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఒక సొరంగం దాటగానే వెలుతురు వస్తుంది, మళ్లీ ఇంకొకటి. పదవ సొరంగానికి భయం సగమవుతుంది. ఎవరూ ఉపన్యాసం చెప్పకుండానే ధైర్యం నేర్పే పాఠమిది.

బస: ఫోనులోనే అడగవలసినవి

అరకులో, అనంతగిరిలో, టైడాలో ప్రభుత్వ పర్యాటక సంస్థ 'హరిత' బసలు ఉన్నాయి. ప్రైవేటు లాడ్జీలు, రిసార్టులు చాలా ఉన్నాయి. పద్మాపురం తోటలో చెట్ల మీద కట్టిన గుడిసెలు, పొలాల్లో వేసే గుడారాలు కూడా ఉన్నాయి. ఫోటోలు చూసి మోసపోవద్దు. డబ్బు కట్టకముందే ఫోను చేసి ఈ ప్రశ్నలు అడగండి.

గది ఏ అంతస్తులో ఉంది, ఎన్ని మెట్లు ఎక్కాలి? మరుగుదొడ్డి గదిలోపలే ఉందా, ఏ రకం? వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి? కరెంటు పోతే జనరేటరు ఉందా? తలుపుకు లోపలి గడియ గట్టిగా ఉందా? రాత్రి భోజనం ఎన్ని గంటల వరకు దొరుకుతుంది? పక్కన పెద్ద పెద్ద పాటలు పెట్టి చలిమంటలు వేసే గుంపులకు చోటిస్తారా? స్టేషను నుండి ఎంత దూరం, రాత్రివేళ ఆటో దొరుకుతుందా? ఏ కంపెనీ ఫోనుకు సిగ్నలు అందుతుంది? రాలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా?

ఈ ఫోను ఎవరు చేయాలి? ఇద్దరిలో మాట్లాడటానికి జంకేవారు చేయాలి. పక్కన రెండవవారు కూర్చోవాలి, కాని ఫోను లాక్కోకూడదు. "అది కాదు, ఇలా అడుగు" అని మధ్యలో అందించకూడదు. తడబడితే తడబడనివ్వండి. ఊరు దాటకముందే విహారం మొదటి మెట్టు ఎక్కినట్టే.

ప్రాణాలకు సంబంధించిన హెచ్చరిక కూడా చెప్పాలి. చలి అని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు మూసుకోవద్దు. వాసన లేని విషవాయువు కమ్మి నిద్రలోనే ప్రాణం పోతుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉండి, గాలి పోయే కిటికీ లేని యెడల ఆ గది వద్దనండి. కప్పుకోవడానికి అదనంగా మరో దుప్పటి అడగండి, అది చాలు. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా భయం ఉంది గనుక దోమతెర గాని దోమల మందు గాని ఉండాలి. తిరిగి వచ్చిన కొన్ని వారాల్లో చలిజ్వరం వస్తే రక్త పరీక్ష చేయించుకొని, అరకు వెళ్లివచ్చామని డాక్టరుకు చెప్పండి.

ఆధార్ కార్డులు ఇద్దరివీ దగ్గర ఉంచుకోండి. కౌంటరు దగ్గర ఒకరు మాట్లాడి, ఒకరు సామాను దగ్గర తల దించుకొని నిలబడటం మన అలవాటు. ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లండి. గది చూశాకే సంతకం పెట్టండి. నచ్చకపోతే "నచ్చలేదు" అని చెప్పే హక్కు ఇద్దరికీ ఉంది.

మూడు రోజులు, మూడు మెట్లు

మొదటి రోజు తేలిక. చేరిన వెంటనే ఊరంతా తిరగాలనుకోవద్దు. భోజనం చేసి, విశ్రాంతి తీసుకొని, సాయంత్రం పద్మాపురం తోటలో నడవండి, గిరిజన మ్యూజియం చూడండి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. చదునైన దారులు, కూర్చోవడానికి చోట్లు ఉంటాయి. మాట్లాడుకోవడానికి వీలైన చోటు.

రెండవ రోజు మధ్యరకం. సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటల్లో చెట్ల నడుమ కట్టిన చెక్క వంతెన ఉంది. ఎత్తంటే భయపడేవారు పది అడుగులు నడిచి ఆగవచ్చు, వెనుదిరగవచ్చు, మళ్లీ ప్రయత్నించవచ్చు. ఆ వైపు గిరిజన రైతులు పండించే అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోట దగ్గరే ఒక కప్పు తాగి, పొడి కొనేటప్పుడు బేరం ఎవరు ఆడాలో ముందే అనుకోండి. ఫోను చేయడానికి జంకినవారికే ఈ పనీ అప్పగించండి.

మూడవ రోజు బొర్రా గుహలు. గోస్తనీ నీరు ఎంతోకాలంపాటు సున్నపురాయిని కరిగించి చేసిన గుహలవి. లోపల దీపాలున్నాయి, మెట్లున్నాయి. కాని నేల తడిగా ఉంటుంది, గబ్బిలాలుంటాయి. దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి. జారని చెప్పులు వేసుకోండి. గుహ ముఖద్వారం దగ్గర పది నిమిషాలు నిలబడి, కళ్లు చీకటికి అలవాటయ్యాక దిగండి. సగంలో ఒకరు "ఇక చాలు" అంటే ఇద్దరూ వెనుదిరగాలి. "నువ్వు ఇక్కడ కూర్చో, నేను చూసి వస్తాను" అనడం సబబే అనిపిస్తుంది. కాని చీకటిలో ఒంటరిగా కూర్చున్నవారికి మిగిలేది గుహ జ్ఞాపకం కాదు, వదిలి వెళ్లిన జ్ఞాపకం.

చాపరాయి, కటికి వంటి జలపాతాల దగ్గర రాళ్లు నాచుతో జారుతుంటాయి. అక్కడ ధైర్యం చూపించబోవద్దు. ఒడ్డున కూర్చొని పాదాలు తడుపుకుంటే చాలు.

ఈ మూడు రోజులకూ ఇద్దరి మధ్య నాలుగు ఒప్పందాలు ఉండాలి. ఎవరు "చాలు" అన్నా, కారణం అడగకుండా ఆగాలి. భయపడుతున్నప్పుడు వీడియో తీయకూడదు, బంధువుల గ్రూపులో పెట్టకూడదు. "పక్కింటి వాళ్లావిడ చూడు ఎలా ఎక్కిందో" అన్న పోలిక రాకూడదు. రోజు ఖర్చు డబ్బు ఒకరోజు ఒకరి చేతిలో, మరునాడు ఇంకొకరి చేతిలో ఉండాలి. నలభై రూపాయలు ఎక్కువ ఇచ్చి మోసపోయినా ఆ రోజుకు ఆ లెక్క అడగకూడదు.

మంచు చూడాలనుకునేవారికి

ఉద్యోగస్తులైన దంపతులు కొందరు నిజంగానే మంచు దాకా వెళ్తున్నారు. వెళ్లేవారు వెళ్లండి, కాని కొలత అదే. కాశ్మీరులోని గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ కేంద్ర ప్రభుత్వపు స్కీయింగ్ శిక్షణ సంస్థ ఉంది, కొత్తవారు నేర్చుకునే మైదానపు వాలులున్నాయి. రెండు దశల తీగమార్గం దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. కొత్తవారికి మొదటి దశ చాలు. ఆ పైన గుర్తులు లేని వాలుల్లో 2023 ఫిబ్రవరిలో హిమపాతం విరుచుకుపడి అనుభవం ఉన్న ఇద్దరు పోలండు దేశస్థులే మరణించారు. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వాలులు కొత్తవారికి అనుకూలమని పేరు. అయితే దాని దిగువనున్న జోషీమఠ్‌లో 2023 జనవరిలో నేల కుంగి ఇళ్లు బీటలువారాయి, తీగమార్గం ఆపివేశారు. హిమాచల్‌లో మనాలి దగ్గరి సోలాంగ్ లోయ రోడ్డు మీద సులువుగా చేరగలిగేది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది ప్రాణాలు తీసిన దాడిని మన ప్రాంతం వారు మరువలేరు, మృతుల్లో విశాఖవాసి కూడా ఉన్నారు. గనుక ఎక్కడికి వెళ్లినా ముందుగా అక్కడి పరిస్థితిని, రోడ్లను విచారించాకే డబ్బు కట్టండి.

అక్కడ బస ఎంచుకోవడానికి ఒకే సూత్రం ఉంది. హోటలు వాలుకు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. దూరంగా చవక గది తీసుకుంటే, అలసిన వారు మధ్యాహ్నం వెనక్కి రాలేరు. రెండవవారు ఆట ముగించేదాకా చలిలో కూర్చోవాలి. గది దగ్గరలో ఉన్నప్పుడే "చాలు" అన్న మాటకు విలువ. వేడి గది, తడిబట్టలు ఆరబెట్టుకునే వసతి ఉన్నాయా అని అడగండి. మొదటి రోజు విశ్రాంతి తీసుకోండి, ఆ ఎత్తులో మన తీరప్రాంతం వారికి తలనొప్పి, ఆయాసం రావచ్చు. ఎక్కువైతే కిందికి దిగడమే మందు. ఆట నేర్చుకునేటప్పుడు గుర్తింపు ఉన్న గురువును పెట్టుకొని, ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి నేర్చుకోండి.

డబ్బు, పెద్దలు, పిల్లలు

విహారానికి అప్పు చేయవద్దు. వడ్డీ కట్టే నెలల్లో ఆ జ్ఞాపకమే చేదవుతుంది. నెలకు కొంత చొప్పున ఒక డబ్బాలో ఇద్దరూ వేయండి. ఎంత పోగయిందో అంత దూరమే వెళ్లండి. పండుగ సెలవుల్లో, శని ఆదివారాల్లో అరకులో గదుల ధర పెరుగుతుంది, జనం పెరుగుతారు. సోమవారం వెళ్లి గురువారం రండి. ఆదివారం మీ సంఘంలోనే ఉండవచ్చు.

అత్తగారికి, మామగారికి దొంగచాటుగా చెప్పాపెట్టకుండా వెళ్లవద్దు. "ఈ వయసులో వీళ్లకు షికార్లు కావాలా" అన్న మాట రావచ్చు. ఆ మాట భార్య మీద పడనివ్వకుండా, "అమ్మా, నేనే తీసుకెళ్తున్నాను, నాలుగు రోజుల్లో వస్తాం" అని కొడుకే చెప్పాలి. పిల్లలను ఎవరి దగ్గర ఉంచాలో, పాలు, మందులు, బడి సంగతులు కాగితం మీద రాసి ఇవ్వాలి. బస పేరు, ఫోను నంబరు ఇంట్లో ఉంచాలి. పెద్దలకు ముందే చెప్పి వెళ్లిన జంట కొండమీద నిశ్చింతగా ఉంటుంది.

విహారం మందు కాని చోట

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో కొట్టడం, తాగి హింసించడం, చంపుతానని బెదిరించడం ఉన్న యెడల ఇద్దరే ఏకాంతంగా కొండకు వెళ్లడం పరిష్కారం కాదు, ప్రమాదం. "నాలుగు రోజులు బయటకు వెళ్తే వాడే మారతాడు" అని కూతురికి నచ్చజెప్పే తల్లిదండ్రులు ఇది గమనించాలి. అటువంటి సహోదరి ముందు క్షేమంగా ఉండాలి. మహిళల సహాయ నంబరు 181, అత్యవసర నంబరు 112. నమ్మకమైన పెద్దలకు చెప్పడంలో అవమానం లేదు. నేను చెప్పిన విహారం ప్రేమ ఉండి దూరమైనవారికి, మాట ఉండి మూగబోయినవారికి మాత్రమే.

ప్రియ దంపతులారా, తిరిగి వచ్చాక ఫోటోలు ఎన్ని అన్నది లెక్కపెట్టకండి. నెల రోజులు పోయాక ఇంట్లో ఈ మూడు సంగతులు గమనించండి. ఇంతకు ముందు చెప్పని భయాన్ని ఒకరైనా నోరు తెరచి చెప్పారా? "చాలు" అన్నప్పుడు రెండవవారు ఆగుతున్నారా? ఫోను చేయడానికి జంకినవారు ఇప్పుడు బ్యాంకుకో బడికో తామే వెళ్లి మాట్లాడి వస్తున్నారా? ఈ మూడింటిలో ఒక్కటి జరిగినా మీరు ఎంచుకున్న చోటు సరియైనదే. అది అరకు కావచ్చు, గుల్‌మార్గ్ కావచ్చు, మన బారువ ఇసుక కావచ్చు. మరుసటి ఏడు ఇంకొక మెట్టు పైకి వెళ్లండి. అప్పుడు కూడా వెనకబడినవారి అడుగుతోనే ఎక్కండి.